లష్కరులో లండను వీథులు

హైదరాబాదు చూడవచ్చిన చుట్టాలకు మనం చూపించేవాటి పట్టీ ఒకటి ఉన్నది. చార్మినారు, గోలకొండ, సాలారుజంగు మ్యూజియము, బిర్లా మందిరము, హుస్సేనుసాగరు నడుమ బుద్ధుడు. ఓపిక మిగిలితే జంతుప్రదర్శనశాల. ఈ పట్టీలో సికిందరాబాదు ఎక్కడా కనబడదు. సికిందరాబాదు అంటే చాలామందికి రైలు దిగే చోటు. సామాను లెక్కపెట్టుకొని, ఆటోవాడితో బేరమాడి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయే ఊరు. మాది వరంగల్లు జిల్లా. ఉస్మానియాలో తెలుగు ఎం.ఏ. చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే లెక్చరరు పని దొరికి, పాతికేళ్ళుగా సికిందరాబాదులో కాపురమున్నవాణ్ణి. ఎవరైనా “మీ ఊళ్ళో చూడడానికి ఏముందండీ?” అంటే నాకు చురుక్కుమంటుంది.

అందుచేత 2025 నవంబరు నెలాఖరున ఆరుగురు విద్యార్థులు “సార్, ఇంకా నాలుగు రోజులే ఉన్నది, ఏం చూడాలి?” అని అడిగినప్పుడు నేను ఏమాత్రం తడుముకోలేదు.

వారెవరో చెప్పాలి. పరదేశపు పిల్లలు ఒక సెమిస్టరు చదువుకు ఇక్కడికి రావడం కొత్త సంగతి కాదు. హైదరాబాదు విశ్వవిద్యాలయం 1998లోనే అందుకోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమం పెట్టింది. అటు అమెరికాలో, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వెల్చేరు నారాయణరావుగారు ఏళ్ళ తరబడి తెలుగు చెప్పారు. నా దగ్గరికి వచ్చిన ఆరుగురిలో ఒకమ్మాయి జపాను, ఒకబ్బాయి జర్మనీ, ఒకడు కొరియా, ఒకమ్మాయి ఫ్రాన్సు, ఇద్దరు అమెరికా. వారానికి మూడు సాయంకాలాలు వీళ్ళకు తెలుగు మాట్లాడడం నేర్పాను. నాలుగు నెలలలో భాష వస్తుందా అని మీరు అడగవచ్చు. కూరగాయలు బేరమాడేటంత వచ్చింది. కోపం వస్తే తిట్టుకునేటంత ఇంకా రాలేదు. భాష వచ్చిందనడానికి నా లెక్కలో అదే గుర్తు.

అమెరికా వాళ్ళిద్దరిలో ఒకమ్మాయి మన పిల్ల. అంటే రూపురేఖలు మనవి, పుట్టుక న్యూజెర్సీ. తరగతిలో అందరికన్నా వెనుకబడి ఉండేది, అందరికన్నా ఎక్కువ కష్టపడేది. మిగిలిన వాళ్ళు తప్పు మాట్లాడి నవ్వుకునేవారు. ఈ పిల్ల తప్పు మాట్లాడితే కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఎందుకో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

శనివారం పొద్దున లింగంపల్లిలో లోకలు రైలెక్కాము. 2003 నుంచి నడుస్తున్న ఈ ఎం.ఎం.టి.ఎస్. బండ్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. ఊరి పెరటివైపు చూడాలంటే ఇంతకన్నా మంచి సాధనం లేదు. రైలెక్కగానే నేనొక నియమం పెట్టాను: ఇవ్వాళ ఇంగ్లీషు మాట అన్నవారికి పది రూపాయలు జరిమానా. రైలు, బస్సు, టిక్కెట్టు, స్టేషను తెలుగు మాటల కిందే లెక్క. జర్మనీ అబ్బాయిని ఖజానాదారుగా నియమించాము. జర్మనులకు లెక్క అప్పగిస్తే ఇక మనం నిద్రపోవచ్చు.

బేగంపేట దాటింది. సంజీవయ్య పార్కు దాటింది. తరువాత వచ్చిన చిన్న స్టేషనులో బండి ఆగగానే మన పిల్ల కిటికీలోనుంచి పలక చూసి దిగ్గున లేచి నిలబడింది.

పలక మీద “జేమ్స్ స్ట్రీట్” అని ఉన్నది.

“సార్, ఇది లండనులో కదా ఉండాలి?” అన్నది.

బండి కదిలింది. తరువాతి స్టేషను సికిందరాబాదే. ఆ నాలుగైదు నిమిషాలలో, వచ్చీరాని తెలుగులో, నియమం తప్పకుండా, ఆ పిల్ల చెప్పిన సంగతి ఇది.

ఆమె అమ్మమ్మకు ఎనభై దాటినవి. పెళ్ళయి 1970 ప్రాంతాన భర్త వెంట అమెరికా వెళ్ళింది. అక్కడే ఉద్యోగం చేసింది, పిల్లలను పెంచింది. కూతురికి తెలుగు వింటే కొంచెం తెలుస్తుంది, మాట్లాడడం రాదు. మనవరాలికి అదీ లేదు. అమ్మమ్మ, మనవరాలు ఇంగ్లీషులోనే కబుర్లు చెప్పుకునేవారు. రెండేళ్ళ క్రితం అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. కాలు చేయి కొంత తేరుకున్నవి గాని, ఇంగ్లీషు పోయింది. అర్ధ శతాబ్దం పైగా మాట్లాడిన భాష మంచుగడ్డ వలె కరిగిపోయి, అడుగున తెలుగు మిగిలింది. ఇది అబ్బురమేమీ కాదు. రెండు భాషలవారికి ఇట్లాంటి జబ్బు చేసినప్పుడు ఒక భాష పోయి మరొకటి నిలవడం పందొమ్మిదో శతాబ్దం నుంచీ వైద్యులు వ్రాసి పెట్టినదే. కాని చదవడం వేరు, ఇంట్లో జరగడం వేరు. ఆ పిల్ల తెలుగు నేర్చుకోవడానికి ఇంత దూరం వచ్చింది అందుకు.

“మరి లండను సంగతి ఏమిటమ్మా?” అన్నాను.

“అమ్మమ్మ తెలుగులో లండను వీథుల పేర్లు చెప్తుంది సార్. మేము అందరం అనుకున్నాము, అమ్మమ్మ మనసు పాడైంది, లండనులో తిరుగుతున్నది అని. అమ్మమ్మ లండను ఎప్పుడూ చూడలేదు.”

సంచిలోనుంచి ఒక చిన్న పుస్తకం తీసింది. అమ్మమ్మ నోట తరచుగా వచ్చే మాటలు ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నది. జేమ్స్ స్ట్రీట్. కింగ్స్‌వే. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్. క్లాక్ టవర్. లష్కర్. చివర ఒక మాట దగ్గర ప్రశ్నార్థకం పెట్టుకున్నది: మోండా.

నేను ఆ పట్టీ చూసి కొంతసేపు మాట్లాడలేకపోయాను. ఆ పట్టీ పట్టుకొని ఎవరైనా సికిందరాబాదు స్టేషనులో దిగితే సాయంకాలానికల్లా ఊరంతా చూడవచ్చు. ఇంట్లోవాళ్ళు ఎప్పుడూ “మన ఊరు హైదరాబాదు” అనేవారే గాని, ఏ పేట, ఏ వీథి అన్నవాళ్ళు లేరు. పరదేశంలో అంతేగా! అక్కడ అనకాపల్లి వాడికి కూడా వైజాగే సొంత ఊరు.

జర్మనీ అబ్బాయి గంభీరంగా చేయి చాపాడు. “కింగ్స్‌వే, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, క్లాక్ టవర్. మూడు ఇంగ్లీషు మాటలు. ముప్పై రూపాయలు.”

అవి లష్కరు తెలుగు మాటలని, జరిమానా చెల్లదని నేను తీర్పు చెప్పాను. ఆ తీర్పుకు కారణాలు దారి పొడుగునా చెప్పవలసి వచ్చింది.

1798లో నిజాముకు, ఇంగ్లీషు కంపెనీకి సంధి కుదిరింది. కంపెనీ సైన్యం నిజాము ఖర్చు మీద ఇక్కడ ఉండాలి. ఆ సైన్యం హుస్సేనుసాగరుకు ఉత్తరాన గుడారాలు వేసింది. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర ఆ దండు సికిందరాబాదు అయింది. కాగితం మీద పేరు అది. జనం మాత్రం “లష్కరు” అన్నారు. లష్కరు అంటే సైన్యం. ఇప్పటికీ ఆషాఢంలో వచ్చేవి లష్కరు బోనాలే గాని సికిందరాబాదు బోనాలు కావు. (ఈ మాట న్యూజెర్సీలో పైకి అనవద్దని అమ్మమ్మను కొడుకు బతిమాలుకునేవాడట. ఎందుకో పత్రికలు చదివేవారికి చెప్పనక్కరలేదు.)

దండు దిగితే దాని వెంట ఒక ఊరు దిగుతుంది. దుస్తులు కుట్టేవారు, గుర్రాలకు గడ్డి తెచ్చేవారు, అప్పులిచ్చే షావుకార్లు, మద్రాసునుంచి వచ్చిన మొదలియార్లు, బొంబాయినుంచి వచ్చిన పార్సీలు. రిజిమెంటల్ బజారు, జనరల్ బజారు, టొబాకో బజారు అన్న పేర్లు చూడండి. సగం వాళ్ళది, సగం మనది. వాళ్ళ నోట మన తిరుమలగిరి ట్రిమల్‌ఘెర్రీ అయింది, బోయినపల్లి బోవెన్‌పల్లి అయింది. అంతకంతా మనమూ బదులు తీర్చుకున్నాము. హుస్సేనుసాగరుకు ఆవల నిజాము హాలీ సిక్కా, ఈవల ఇంగ్లీషువాడి కల్దారు. ఒక చెరువు గట్టు దాటితే రూపాయి మారిపోయేది! స్వాతంత్ర్యానికి ఏడాది, రెండేళ్ళ ముందు ఈ బజార్లు తిరిగి నిజాము చేతికి వచ్చినవి. 1960లో సికిందరాబాదు పురపాలన హైదరాబాదులో కలిసిపోయింది. దొరలు తమకు ఇంటిమీద బెంగ కలిగినప్పుడల్లా ఒక వీథికి తమ ఊరి పేరు పెట్టుకున్నారు కాబోలు. కింగ్స్‌వే, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటు అట్లా పుట్టినవే. తరువాత మనవాళ్ళు కింగ్స్‌వేను రాష్ట్రపతి రోడ్డు చేశారు, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటును సరోజినీదేవి రోడ్డు చేశారు, జేమ్స్ స్ట్రీటును మహాత్మాగాంధీ రోడ్డు చేశారు. జనం ఊరుకుంటారా! పేరు పొడుగైతే కోసి పొట్టి చేస్తారు. ఆర్.పి. రోడ్డు, ఎస్.డి. రోడ్డు, ఎం.జి. రోడ్డు. ఇంగ్లీషు పేర్లు తీసి మన పేర్లు పెడితే, ఆఖరుకు మళ్ళీ ఇంగ్లీషు అక్షరాలే మిగిలినవి.

సికిందరాబాదు స్టేషనులో దిగాము. 1874లో వాడి జంక్షనునుంచి మొట్టమొదటి రైలు ఇక్కడికి వచ్చింది. 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానికి రాజధాని ఇదే అయింది. తోరణాలతో ఉండే పాత ముఖద్వారాన్ని కొత్త స్టేషను కట్టడం కోసం 2025లో పడగొట్టారు. మేము వెళ్ళిననాడు ఆ చోట క్రేన్లు, రేకుల దడి, దుమ్ము. కొత్తది పెద్దదే అవుతుంది, సదుపాయంగానూ ఉంటుంది. దినమూ వేలకొద్ది జనం తొక్కిసలాడే చోట ఇరుకు పోవడం మంచిదే. కాని ఆ పిల్ల అమ్మమ్మ రైలెక్కిన వాకిలి ఇదమ్మా అని చూపించడానికి నాకు రేకుల దడి మాత్రమే దొరికింది. ఆ పిల్ల దడినే ఫోటో తీసుకున్నది.

స్టేషను ఎదుట ఇరానీ హోటలులో చాయ్ తాగాము. జపాను అమ్మాయి ఉస్మానియా బిస్కట్టును అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది తీపా, ఉప్పా?” అని అడిగింది. ఈ ప్రశ్నకు పాతికేళ్ళుగా నాకూ జవాబు తెలియదు. రెండూ అని చెప్పాను. ఆ అమ్మాయి పుస్తకంలో “రెండూ” అని వ్రాసుకున్నది.

అక్కడినుంచి నడక దూరంలోనే మోండా మార్కెట్టు. ఆ పేరు వినగానే మన పిల్ల ఆగిపోయింది. చేతిలో పుస్తకం తెరిచి ప్రశ్నార్థకం మీద వేలు పెట్టింది.

“మోండా పోవాలె, మోండా పోవాలె అని అమ్మమ్మ ఎప్పుడూ అంటుంది సార్. మేము అనుకున్నాము, మండే అని.”

సోమవారం ఎక్కడికో వెళ్ళాలని అడుగుతున్నదనుకొని, ప్రతి సోమవారం ముసలావిడకు చీర కట్టించి, కోటు తొడిగించి, కారులో కూర్చోబెట్టి ఊరు తిప్పుకొని వచ్చేవారట. ఒక వారం ఆస్పత్రికి, ఒక వారం గుడికి, ఒక వారం నదీతీరానికి. ఎక్కడికి తీసుకుపోయినా దిగగానే ఆవిడ చుట్టూ చూసి “ఇది కాదు” అనేదట. రెండేళ్ళు.

ఎవరూ నవ్వలేదు. అమెరికా అబ్బాయి, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేవాడు, నమలడం ఆపాడు.

మోండాలో చింతపండు రాసులు, ఎండుమిరప బస్తాలు, తమలపాకుల కట్టలు, పసుపు కొమ్ములు. ఈ పిల్లలు బజార్లు చూడనివారు కారు. కాని అద్దాల కొట్టులో ఒక ఖరీదు అంటించి ఉంటుంది, ఇక్కడ ఖరీదు మాటల్లోనుంచి పుడుతుంది. పూలమ్మే అవ్వ మన పిల్లను ఎగాదిగా చూసి, “ఏం గావాలె బిడ్డా? మల్లెలా, కనకాంబరాలా?” అన్నది. ఆ పిల్ల పాఠంలో నేర్చుకున్నట్టే, “ఒక మూర ఎంత అండీ?” అని అడిగింది. “ముప్పై.” “ఇవ్వండి” అని ముప్పై ఇచ్చేసింది. అవ్వ కూడా ఒక క్షణం తెల్లబోయింది. బేరమాడకుండా కొన్నవాళ్ళంటే అమ్మేవాళ్ళకు అంత గౌరవం ఉండదు.

ఆ పక్కన ఒక పెద్దమనిషి కుట్టుమిషను ముందు కూర్చొని గుడ్డ కొలుస్తున్నాడు. వయస్సు డెబ్బై దాటి ఉంటుంది. మన పిల్ల ఆయన దగ్గరికి వెళ్ళి, ఒకసారి గొంతు సవరించుకొని, అడిగింది:

“అయ్యా, కింగ్స్‌వే ఎటు పోవాలి?”

ఆయన తల కూడా ఎత్తలేదు. నోట్లో సూది పెట్టుకొనే, మోచేతితో చూపించాడు. “గదే బిడ్డా. సీదా పో, పెద్ద సడక్ తగుల్తది. గదే కింగ్స్‌వే.”

అంతే. లండను అయిదు నిమిషాల నడక దూరంలో ఉన్నది.

రాష్ట్రపతి రోడ్డు ఏమంత అందమైన వీథి కాదు. సైకిళ్ళ కొట్లు, ఇనుప సామాను, పంపుసెట్లు, హారన్లు. పారిసు అమ్మాయి చెవులు మూసుకున్నది. మన పిల్ల మాత్రం పేవుమెంటు మీద, మోకు చుట్టల మధ్య, ఎవరో మహారాణి నడిచినట్టు నడిచింది. పూలు తలలో పెట్టుకోవడం తెలియక చేతికి చుట్టుకున్నది.

జనరల్ బజారు సందులలోనుంచి ఉజ్జయిని మహంకాళి గుడికి వెళ్ళాము. ఈ గుడి కథ నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. సురిటి అప్పయ్య అనే ఆయన ఇక్కడి సైన్యంలో డోలీ మోసేవాడు. 1813లో పటాలముతో కూడా ఉజ్జయిని వెళ్ళాడు. ఆ రోజులలో కలరా వచ్చి జనం రాలిపోతూ ఉంటే, అక్కడి మహాకాళికి మొక్కుకున్నాడు: ఊళ్ళో జబ్బు తగ్గితే నిన్ను మా ఊరికి తీసుకుపోయి గుడి కట్టుకుంటాను తల్లీ అని. 1815లో తిరిగివచ్చి కొయ్య విగ్రహం చేయించి నిలిపాడు. రాతి విగ్రహం తరువాతి కాలపుది. రాజులు కట్టిన గుళ్ళు మన దేశంలో కావలసినన్ని ఉన్నవి. ఒక డోలీ మోసే కూలీ కట్టిన గుడికి ఊరు ఊరంతా తలవంచడం నేను ఇక్కడే చూస్తున్నాను. బోనాల మరునాడు ఇక్కడ రంగం జరుగుతుంది. పచ్చికుండ మీద నిలబడి ఒక స్త్రీ రాబోయే ఏడాది భవిష్యత్తు చెబుతుంది. ఈ పిల్లలు మన దేశం చేరేసరికి ఆ ఏటి బోనాలు దాటిపోయినవి.

జపాను అమ్మాయి కథంతా విని, “ఆయన కూడా రెండు సంవత్సరాలు బయట ఊరు వెళ్ళారు. తిరిగి వచ్చేటప్పుడు ఒకటి తెచ్చారు” అన్నది. తరువాత కొంతసేపు ఆలోచించి, “నేను స్టీలు డబ్బా కొన్నాను” అన్నది. అందరం నవ్వాము. పూజారిగారు కూడా నవ్వారు.

క్లాక్ టవరు దగ్గరికి వచ్చేసరికి ఎండెక్కింది. నూట ఇరవై అడుగుల గోపురం. 1897 ఫిబ్రవరి 1న రెసిడెంటు ట్రెవర్ ప్లౌడెన్ దొర దీనిని ప్రారంభించాడు. గడియారం ఇచ్చినవాడు సేఠ్ లక్ష్మీనారాయణ రాంగోపాల్. రాంగోపాలుపేట అన్నది ఆయన పేరుమీద వచ్చినదే. ఈ ప్లౌడెన్ దొరకు పమేలా అని ఒక కూతురు. 1896 నవంబరులో బెంగుళూరునుంచి పోలో ఆటకు సికిందరాబాదు వచ్చిన ఒక కుర్ర ఆఫీసరు ఆమెను చూసి మనసు పారేసుకున్నాడు. ఇద్దరూ కలిసి ఏనుగునెక్కి హైదరాబాదు వీథులు చూశారు. పెళ్ళి మాత్రం కాలేదు. ఆ కుర్రవాడి పేరు విన్‌స్టన్ చర్చిల్. మన గాంధీగారిని గురించి తరువాతి కాలంలో ఆయన అన్న మాటలు తలుచుకుంటే, పమేలా తెలివైన పిల్లే అనిపిస్తుంది.

అక్కడ సరోజినీదేవి రోడ్డు అందుకున్నాము. 1850లో కట్టిన సెయింటు మేరీసు చర్చి ఈ రోడ్డు మీదనే. 2008లో దానికి బసిలికా హోదా వచ్చింది. ఆ దారిలోనే కీస్ బాలికల పాఠశాల ఉన్నది. “మీ అమ్మమ్మ ఏ బడిలో చదివింది?” అని అడిగాను. ఆ పిల్లకు తెలియదు. గేటు ముందు కొంతసేపు నిలబడి, తన పుస్తకంలో అడగవలసిన ప్రశ్నల పేజీ ఒకటి మొదలుపెట్టింది. అంతవరకూ ఆ పుస్తకంలో అమ్మమ్మ మాటలే గాని, తాను అమ్మమ్మను అడగవలసినవి లేవు.

మహబూబ్ కళాశాల ముందు నేను ఆగి కొంచెం పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. లెక్చరరు బుద్ధి ఎక్కడికి పోతుంది! 1862లో సోమసుందర మొదలియారు గారు స్థాపించిన బడి ఇది. 1893 ఫిబ్రవరి 13న ముప్పై ఏళ్ళ సన్యాసి ఒకడు ఇక్కడ వేదిక ఎక్కి, తాను పశ్చిమ దేశాలకు ఎందుకు వెళ్ళదలచుకున్నాడో సుమారు వెయ్యిమంది ముందు ఇంగ్లీషులో చెప్పాడు. అప్పటికి ఆయన పేరు దేశానికే సరిగా తెలియదు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కాడు, సెప్టెంబరు 11న చికాగోలో మాట్లాడాడు. వివేకానందుడి చికాగో ఉపన్యాసం బడిపిల్లలందరికీ తెలుసు. దానికి ముందు అంత పెద్ద సభలో నిలబడి మాట్లాడిన చోటు మన ఆక్స్‌ఫర్డ్ స్ట్రీటు అని తెలిసినవారు తక్కువ. జర్మనీ అబ్బాయి ఒక మంచి ప్రశ్న వేశాడు: “ఆయన అక్కడికి నేర్చుకోవడానికి వెళ్ళారా, నేర్పించడానికి వెళ్ళారా?” దీనికీ “రెండూ” అని చెప్పబోయి, బిస్కట్టు జ్ఞాపకం వచ్చి ఊరుకున్నాను.

ఎం.జి. రోడ్డు మీద విక్కాజీ, పెస్టన్‌జీ మెహర్జీ అనే పార్సీ షావుకార్లు 1847లో కట్టించిన అగ్ని దేవాలయం బయటినుంచి చూశాము. పరులకు లోపలికి ప్రవేశం లేదు. పేరడైజులో బిరియానీ తిన్నాము. 1953లో పేరడైజు సినిమాలో చిన్న క్యాంటీనుగా మొదలైనది. సినిమా హాలు పోయింది, పేరు మాత్రం మొత్తం కూడలికి అంటుకుపోయింది. అమెరికా అబ్బాయి రెండు ప్లేట్లు తిన్నాడన్నది తప్ప అక్కడ చెప్పుకోదగిన విశేషం లేదు.

చివరకు బేగంపేట. విమానాశ్రయం దారిలో ఒక పాత బంగళా ఉన్నది. దానిముందునుంచి దినమూ పోయేవారిలో దానివైపు కన్నెత్తి చూసేవారు నూటికి ఒకరు ఉంటారేమో. 1897లో అది సైన్యపు ఆస్పత్రి. రొనాల్డ్ రాస్ అనే సైన్య వైద్యుడు దోమలను కోసి కోసి కళ్ళు కాయలు కాసినవాడు, ఆ ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా క్రిమిని చూశాడు. దోమవల్ల మలేరియా వస్తుందన్న సంగతికి అదే మొదటి సాక్ష్యం. ఆ తేదీని ఇప్పటికీ ప్రపంచమంతటా దోమల దినంగా జరుపుతారు. 1902లో ఆయనకు నోబెలు బహుమానం వచ్చింది. ఆ దోమలను కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. కొరియా అబ్బాయి ఇది విని చాలాసేపు ఏదో లెక్క వేసి, “మాకు నాలుగు నెలలకు చాలా అణాలు రావాలి” అన్నాడు. గచ్చిబౌలి దోమలను గురించి ఎరిగినవారెవరూ ఆ లెక్కను కాదనలేరు. బంగళా ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద ఉన్నది. మేము చూసేసరికి తలుపులు వేసి ఉన్నవి.

బేగంపేట స్టేషనులో ప్లాటుఫారం బెంచీ మీద కూలబడేసరికి సాయంకాలం ఆరు దాటింది. న్యూజెర్సీలో పొద్దున ఏడున్నర. మన పిల్ల ఫోను తీసింది, మళ్ళీ సంచిలో పెట్టింది, మళ్ళీ తీసింది. నాలుగు నెలలుగా అమ్మమ్మతో ఎప్పుడు మాట్లాడినా “మీరు ఎలా ఉన్నారు? భోజనం చేశారా?” దాటి మాట సాగేది కాదట. అవతలనుంచి వచ్చేది అర్థమయ్యేది కాదు.

“ఏమని మొదలుపెట్టాలి సార్?”

“ఎక్కడికి పోయివచ్చావో చెప్పు, చాలు” అన్నాను.

ఫోనులో వాళ్ళమ్మ ముఖం కనబడింది, తరువాత తెల్లని దిండ్ల మధ్య ఒక సన్నని ముఖం. ఆ పిల్ల గడగడా అనేసింది:

“అమ్మమ్మా, నేను లష్కరు పోయిన. కింగ్స్‌వే మీద నడిచిన. గడియారం చూసిన. మోండా పోయిన.”

పుస్తకం తెలుగు కాదది. పొద్దున్నుంచి చెవులతో ఏరుకున్నది. అవతల చాలాసేపు శబ్దం లేదు. ఫోను ఆగిపోయిందేమోనని పారిసు అమ్మాయి వంగి చూసింది. అప్పుడు మెల్లగా, తడబడుతూ, కాని స్పష్టంగా వినబడింది:

“మోండా పోయినవా? నన్నిడిసిపెట్టి పోయినవా?”

పిల్ల మాట్లాడలేకపోయింది. చేతికి చుట్టుకున్న పూలదండ ఎత్తి చూపించింది. సగం వాడిపోయి ఉన్నది.

“ఏడ కొన్నవే?”

“మోండాల, అమ్మమ్మా.”

“మూర ఎంత?”

“ముప్పై.”

ఆ సన్నని ముఖం దిండ్లమీదనుంచి లేచింది. వాళ్ళమ్మ కంగారుపడి పట్టుకోబోవడం కనబడింది.

“ముప్పై! ముప్పై ఎట్ల ఇచ్చినవే? నీకు అడుగుడు రాదా? వాళ్ళు ముప్పై అంటే నువ్వు పది అనాలె! పక్కన పెద్దోళ్ళు ఎవరు లేరా, చెప్పెటందుకు?”

ఆ పిల్ల నావైపు చూసింది. నేను రైలు వస్తున్నదేమోనని అటువైపు చూశాను. నిజంగానే వచ్చింది. అందరం ఎక్కాము. తిట్లు లింగంపల్లి దాకా సాగినవి. హఫీజుపేట దగ్గరికి వచ్చేసరికి మన పిల్ల ఎదురు జవాబులు కూడా చెబుతున్నది.